గోకూకి ఏడేళ్లు, మా వాడి హీరోకి మూడు నెలలేనా?

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. చిన్నప్పుడు స్కూలు నుంచి రాగానే బ్యాగు మూల పడేసి గోకు హీరోగా వచ్చే డ్రాగన్ బాల్ జీ చూసేవాణ్ణి. ఇప్పుడు తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి పుణ్యమా అని మళ్లీ యానిమేలో, అదే జపాన్ కార్టూన్లలో పడ్డాను. ఇద్దరం కూర్చుని తెలుగు డబ్బింగ్‌లో సోలో లెవెలింగ్ చూశాం. ఊపు అందుకుంది అనుకునేసరికి 12 ఎపిసోడ్లకే అయిపోయింది. రెండో సీజన్‌కి ఇంకో 13, అంతే. మధ్యలో తొమ్మిది నెలల విరామం. అసలు వీళ్లకి బద్ధకమా, డబ్బు కక్కుర్తా? మా వాడేమో "నాన్నా, మీ రోజుల్లో చూపించిందంతా సాగదీతే" అంటాడు. ఇద్దరిలో ఎవరిది రైటు? పైగా వాడు వన్ పీస్ చూద్దాం రమ్మంటున్నాడు. అది వెయ్యి దాటిందట! మొదలుపెట్టమంటారా? మిగతావన్నీ పూర్తయ్యే దాకా ఆగి చూడటం మంచిదా?
– పేరు వేయొద్దు, ఖమ్మం

జవాబు: ముందు మీ ఇంటి పంచాయితీ తేలుద్దాం. మార్కులు వేయాల్సి వస్తే మీ అబ్బాయికే ఎక్కువ పడతాయి. మీ మాటలోనూ నిజం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. బద్ధకం మాత్రం కాదు. కక్కుర్తి అంటారా, డబ్బు లెక్క అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. మారిందల్లా ఆ డబ్బు ఎవరు పెడుతున్నారు, వాళ్లకేం కావాలి అన్నదే. సీరీస్ ఎంత పొడుగు ఉండాలన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

జపాన్ టీవీ వాళ్లు ఏడాదిని నాలుగు ముక్కలు చేసుకుంటారు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల్లో కొత్త కార్యక్రమాలు మొదలవుతాయి. ఈ మూడు నెలల ముక్కను వాళ్లు 'కూర్' అంటారు (మన కూర కాదు లెండి, కానీ వడ్డన మాత్రం కొలత ప్రకారమే). వారానికి ఒకటి చొప్పున మూడు నెలలకు 12 లేదా 13 ఎపిసోడ్లు వస్తాయి. మీరు చూసిన సోలో లెవెలింగ్ మొదటి సీజన్ 2024 జనవరి నుంచి మార్చి దాకా ఒక కూర్. రెండోది 2025 జనవరి నుంచి మార్చి దాకా ఇంకో కూర్. అంటే 12 అన్నది కథను చూసి పెట్టిన అంకె కాదు, క్యాలెండర్ పెట్టిన అంకె.

మన చిన్నప్పటి సీరీస్‌లకూ ఇదే క్యాలెండర్. కాకపోతే నాలుగు ముక్కలూ కలిపి ఏడాదికి ఒప్పందం చేసుకునేవారు. 52 వారాలు, కాస్త అటూ ఇటూగా 52 ఎపిసోడ్లు. బాగా ఆడితే ఇంకో ఏడాది. 1979లో మొబైల్ సూట్ గండమ్ అనే రోబో సీరీస్ వచ్చింది. దాన్నీ 52 ఎపిసోడ్లకే అనుకున్నారు. స్పాన్సర్ క్లోవర్ అనే బొమ్మల కంపెనీ. ఆ రోబో బొమ్మలు అనుకున్నంతగా అమ్ముడుపోలేదు, టీవీ రేటింగులూ అంతంతమాత్రమే. పేరుకు తగ్గట్టే గండం వచ్చి 43వ ఎపిసోడ్‌తో ముగించేశారు. ఆ తర్వాత 1980లో బందాయ్ ప్లాస్టిక్ మోడల్స్ వచ్చాక అదే గండమ్ జపాన్‌ను ఊపేసిందనుకోండి, అది వేరే కథ. నేను చెప్పదలుచుకున్నది ఏమిటంటే, మీరు బంగారు కాలం అనుకుంటున్న రోజుల్లో కూడా కథ ఎప్పుడు ఆపాలో బొమ్మల కొట్టే చెప్పేది.

ఇంకా వెనక్కి వెళ్తే 1963 జనవరి 1న మొదలైన ఆస్ట్రో బాయ్. ఒసాము తెజుకా స్టూడియో తీసింది, 1966 చివరి దాకా 193 ఎపిసోడ్లు నడిచింది. స్పాన్సర్ మెయ్జీ అనే చాక్లెట్ల కంపెనీ. ఆస్ట్రో బాయ్ స్టిక్కర్ల కోసం పిల్లలు ఆ కంపెనీ చాక్లెట్ల మీద ఎగబడ్డారు. ఇక మీరు ఆ కంపెనీ కుర్చీలో కూర్చుని ఆలోచించండి. చాక్లెట్ ప్రతి వారం అమ్ముడుపోవాలి. కాబట్టి ప్రతి వారం బొమ్మ టీవీలో కనపడాలి. మూడు నెలలు చూపించి తొమ్మిది నెలలు ఆపుతానంటే ఒప్పుకుంటారా? డ్రాగన్ బాల్ జీ 1989 నుంచి 1996 దాకా బుధవారం సాయంత్రం ఏడు గంటలకు ఫుజీ టీవీలో 291 ఎపిసోడ్లు వచ్చిందంటే కారణం ఇదే. ఇంటిల్లిపాదీ అన్నం దగ్గర టీవీ పెట్టుకునే వేళ అది. ఆ అరగంటకు ప్రకటనదారులు వరస కట్టేవారు.

తర్వాత ఆ పిల్లలే తగ్గిపోయారు. జపాన్‌లో 1973లో దాదాపు 21 లక్షల మంది పుడితే, 2016కి ఆ సంఖ్య పది లక్షల లోపుకి పడిపోయింది. సాయంత్రం ఏడింటికి టీవీ ముందు కూర్చునే చిన్నపిల్లలు లేనప్పుడు ఆ సమయాన్ని ఛానళ్లు వంటల షోలకీ కబుర్ల షోలకీ ఇచ్చుకున్నాయి. యానిమే ఎక్కడికి పోవాలి? అర్ధరాత్రికి పోయింది.

ఈ మలుపు దగ్గర నియాన్ జెనెసిస్ ఎవాంజెలియన్ పేరు చెప్పుకోవాలి. 1995 అక్టోబరు నుంచి 1996 మార్చి దాకా 26 ఎపిసోడ్లు, రెండు కూర్లు. మొదటిసారి సాయంత్రమే వచ్చింది. 1997లో టీవీ టోక్యో దాన్నే అర్ధరాత్రి మళ్లీ వేస్తే జనం మేలుకుని మరీ చూశారు. నిద్ర మానుకుని చూసే పెద్దవాళ్లు ఉన్నారని ఛానళ్లకు అర్థమైంది. అయితే అర్ధరాత్రి లెక్క తలకిందులు. ఆ వేళకు ప్రకటనదారు ఛానల్‌కి డబ్బిచ్చి సీరీస్ వేయించుకోడు. సీరీస్ తీసినవాళ్లే ఛానల్‌కి డబ్బు కట్టి ఆ అరగంట కొనుక్కుంటారు. అంటే ప్రతి ఎపిసోడ్‌కీ తీసే ఖర్చు కాక, చూపించే ఖర్చు కూడా నెత్తిన పడుతుంది. అలాంటప్పుడు 52 ఎపిసోడ్లు ఎవరు కొంటారు?

అందుకే నలుగురైదుగురు కలిసి డబ్బు వేసుకునే పద్ధతి స్థిరపడింది. దాన్ని నిర్మాణ కమిటీ అంటారు. మాంగా (యానిమేకి మూలమైన జపాన్ బొమ్మల కథల పుస్తకాలు) అచ్చు వేసే ప్రచురణ సంస్థ, పాటల కంపెనీ, డిస్కుల కంపెనీ, బొమ్మల కంపెనీ, ఇప్పుడైతే స్ట్రీమింగ్ సంస్థ, ఇలా తలా ఇంత వేసుకుంటారు. పోతే అందరికీ కొంచెం కొంచెం పోతుంది, వస్తే వాటా ప్రకారం వస్తుంది. మీ ఖమ్మం వైపు రైతుకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. కొత్త రకం మిర్చి విత్తనం వస్తే పదెకరాల్లో ఎవరూ వేయరు. అరెకరంలో వేసి, కాపు చూసి, మార్కెట్ యార్డులో రేటు చూసి, అప్పుడు వచ్చే ఏడు సంగతి ఆలోచిస్తారు. ఒక కూర్ అంటే ఆ అరెకరం. పైగా అప్పట్లో డబ్బు వెనక్కి వచ్చేది డిస్కుల మీద. ఒక్కో డిస్కులో రెండేసి ఎపిసోడ్లు పెట్టి అమ్మేవారు. 12 ఎపిసోడ్లంటే ఆరు డిస్కులు. అభిమాని జేబు అంతవరకే తట్టుకునేది.

ఇంతవరకు డబ్బు కథ. ఇప్పుడు మీ వాడు అన్న సాగదీతకు వద్దాం. ఇది వాడి తరఫు వాదన కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

వారపత్రికలో మాంగా వేసే రచయిత వారానికి ఒక అధ్యాయం, దాదాపు 19 పేజీలు గీస్తాడు. సెలవులు, కలిపి వేసే సంచికలు పోను ఏడాదికి 50 అధ్యాయాలు కూడా రావు. యానిమేలో ఒక ఎపిసోడ్ హాయిగా నడవాలంటే రెండు మూడు అధ్యాయాలు మింగుతుంది. తక్కువలో తక్కువ రెండే అనుకున్నా, 52 ఎపిసోడ్లకు 104 అధ్యాయాలు కావాలి. అంటే రచయిత రెండేళ్లకు పైగా పండించింది యానిమే ఏడాదిలో తినేస్తుంది. ఎంత ఆలస్యంగా మొదలుపెట్టినా రెండు మూడేళ్లలో యానిమే వచ్చి రచయిత మడమ తొక్కడం ఖాయం. ఆపడానికి లేదు, స్పాన్సర్ ఊరుకోడు. మరేం చేస్తారు?

ఒకటి, సాగదీయడం. మీకు డ్రాగన్ బాల్ జీలోని నామెక్ గ్రహం గుర్తుండే ఉంటుంది. "ఇంకో ఐదు నిమిషాల్లో ఈ గ్రహం పేలిపోతుంది" అంటాడు విలన్ ఫ్రీజా. ఆ ఐదు నిమిషాలు ఎన్ని వారాలు నడిచాయో! అరుపులు, ఎగిరే రాళ్లు, చూసేవాళ్ల మొహాల మీద క్లోజప్పులు. మన టీవీ సీరియల్లో అత్తగారు తలుపు తీసేలోపు ముగ్గురి మొహాల మీద మూడేసి సార్లు మెరుపులు మెరిసినట్టే. తర్వాత 2009లో ఆ డ్రాగన్ బాల్ జీనే కత్తిరించి 'కాయ్' అనే పేరుతో మళ్లీ వేశారు. తమ బండి ఎంత నెమ్మదిగా నడిచిందో తీసినవాళ్లే ఒప్పుకున్నట్టయింది.

రెండోది, మాంగాలో లేని కథలు అల్లి మధ్యలో దూర్చడం. వీటిని అభిమానులు ఫిల్లర్లు అంటారు. నరూటో మొదటి సీరీస్ 220 ఎపిసోడ్లు. అందులో 136 నుంచి 219 దాకా దాదాపు అంతా ఫిల్లరే. ఏడాదిన్నరకు పైగా జనం వారం వారం చూశారు, అసలు కథ మాత్రం ఉన్నచోటే ఉంది. నేను హాస్టల్లో ఉన్నప్పుడు నరూటో పెన్ డ్రైవ్‌లో చేతులు మారేది. ఇచ్చేవాడు దాంతోపాటు ఒక చీటీ కూడా ఇచ్చేవాడు, ఏ నంబర్లు చూడక్కర్లేదో రాసి. ఆ చీటీ పోగొట్టుకున్న పాపానికి నేను ఒక సంక్రాంతి సెలవులన్నీ ఫిల్లర్లకే ధారపోశాను. కాబట్టి ఈ విషయంలో మీ అబ్బాయి పక్షం వహిస్తున్నందుకు నన్ను మన్నించాలి.

సీజన్ల పద్ధతిలో ఈ బెడద లేదు. మాంగాలో సరుకు తయారైనంత తీసి, ఆగి, రచయిత ముందుకెళ్లాక మళ్లీ తీస్తారు. ఎపిసోడ్ల లెక్కన కాకుండా కథ ఎంత నడిచిందో చూడండి. ఇప్పటి 12 ఎపిసోడ్లలో నడిచే కథ అప్పటి పద్ధతిలో 30కి పైగానే పట్టేది.

ఇక బొమ్మలు గీసే పని. 24 నిమిషాల ఎపిసోడ్‌లో సుమారు 300 కట్లు, అంటే విడివిడి షాట్లు ఉంటాయి. ఒక్కో కట్‌కి కీలకమైన భంగిమలు ఒకరు గీస్తే, వాటి మధ్య కదలికలు ఇంకొకరు గీస్తారు, రంగులు వేరొకరు వేస్తారు. మొత్తం వేల బొమ్మలు. వారం వారం ఎలా ఇచ్చేవారు మరి? ఐదారు బృందాలు వంతుల వారీగా పనిచేసేవి. అందుకే మీ డ్రాగన్ బాల్ జీలో గోకు మొహం వారానికి ఒకలా ఉండేది. ఒక వారం చెక్కినట్టు, ఇంకో వారం ఉబ్బినట్టు. డబ్బా టీవీలో, కేబుల్ గీతల మధ్య మనకేం కనపడేది కాదు, కనపడినా పట్టించుకున్నవాళ్లం కాదు. ఇప్పుడు మీ అబ్బాయి పెద్ద స్క్రీన్ మీద పాజ్ చేసి చూస్తాడు. ఒక్క ఫ్రేములో చెయ్యి వంకర పోతే అది ప్రపంచమంతా మీమ్ అయి తిరుగుతుంది. కాబట్టి గీతలు పెరిగాయి, వెలుగు నీడలు పెరిగాయి, ఒక్కో ఎపిసోడ్‌కి పట్టే నెలలు పెరిగాయి. గీసే చేతులు మాత్రం ఆ మేరకు పెరగలేదు. పెరగకపోవడానికి కారణం దాచాల్సిందేమీ కాదు. మధ్య కదలికలు గీసే కొత్తవాళ్లకు ఈనాటికీ బొమ్మకింత అని లెక్క కట్టే ఇస్తారు. ఒక్కో బొమ్మకు 200 యెన్ అటూ ఇటూగా, అంటే వంద రూపాయల చిల్లర. టోక్యో అద్దెలకు అదేం సరిపోతుంది? చాలామంది మొదటి రెండు మూడేళ్లలోనే పని వదిలేసి వెళ్లిపోతారు. ఏడాదంతా ఆగకుండా తీయమంటే తీసే మనుషులు లేరు.

స్ట్రీమింగ్ వచ్చి దీన్ని ఇంకా గట్టిపరిచింది. 2023లో జపాన్ యానిమేకి బయటి దేశాల నుంచి వచ్చిన ఆదాయం స్వదేశంలో వచ్చినదాన్ని మించిపోయింది. బయటివాళ్లు బుధవారం ఏడింటికి అని చూడరు, వీలైనప్పుడు చూస్తారు. ప్రతి వారం స్లాట్ నింపాలన్న తొందర ఎవరికీ లేదు. డీమన్ స్లేయర్‌నే చూడండి. 2019లో 26 ఎపిసోడ్లు వచ్చాయి. తర్వాతి భాగాన్ని టీవీలో కాకుండా 2020 అక్టోబరులో సినిమాగా వదిలారు. అది జపాన్ చరిత్రలోనే అత్యధిక వసూళ్ల సినిమా అయింది. మళ్లీ దాన్నే 2021లో ఏడు ఎపిసోడ్లుగా టీవీలో వేశారు. 23 సంపుటాల ఆ మాంగా 2021 ఫిబ్రవరికి 15 కోట్ల ప్రతులు దాటింది. చివరి యుద్ధాన్ని మూడు సినిమాలుగా తీస్తున్నారు. మొదటిది 2025 సెప్టెంబరులో తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లకు కూడా వచ్చింది. మీవాడు చూసే ఉంటాడు, కాదంటే అడగండి. అంటే కొన్ని ఎపిసోడ్లు తగ్గలేదు, టికెట్ కొనుక్కుని చూసే చోటికి మారాయంతే. కక్కుర్తి అన్న మాట ఇక్కడ వాడతానంటే నేను అడ్డుపడను.

మీ మాటలో నిజం ఉందన్నానే, అది ఇదే. అరెకరంలో వేసి చూసే పద్ధతిలో చాలా పంటలు మొలకలోనే ఆగిపోతాయి. 12 ఎపిసోడ్లు తీసి, పాత్రలన్నీ పరిచయం చేసి, విలన్ ముసుగు తీసే వేళకు ఆపేస్తారు. రెండో సీజన్ ఎప్పటికీ రాదు. తర్వాత ఏమైందో తెలియాలంటే మాంగా కొనుక్కోవాల్సిందే. నిజానికి కమిటీలో కూర్చున్న ప్రచురణ సంస్థకు మొదటి నుంచీ కావాల్సింది ఆ మాంగా అమ్మకమే. అటువంటివాటిని నేను సీరీస్ అనను, ఐదు గంటల ప్రకటన అంటాను. విజయవంతమైనవాటికీ ఎదురుచూపులు తప్పవు. అటాక్ ఆన్ టైటన్ మొదటి సీజన్ 2013లో వస్తే రెండోది 2017లో వచ్చింది, కథ ముగిసింది 2023 నవంబరులో. పదో తరగతిలో మొదలుపెట్టిన పిల్లాడు ఉద్యోగంలో చేరాక గానీ ముగింపు చూడలేదు. ఇంకోటి కూడా పోయింది. యుద్ధాల మధ్య గోకు డ్రైవింగ్ నేర్చుకోవడానికి వెళ్లే ఎపిసోడ్ ఒకటి ఉంది చూశారూ, అదీ ఫిల్లరే. కథకు దాంతో పనిలేదు. కానీ నాకు ఆ ఎపిసోడ్ ఇప్పటికీ ఇష్టం. ఈ రోజుల్లో అలాంటిదానికి చోటు లేదు.

పొడుగాటివి పూర్తిగా పోయాయనుకోకండి. సజాయే-సాన్ 1969 నుంచి ఆదివారం ఆదివారం వస్తూనే ఉంది. డిటెక్టివ్ కోనన్ 1996 నుంచి నడుస్తోంది. డోరేమాన్, షిన్‌చాన్ సంగతి మీకు నేను చెప్పాలా? ప్రతి ఎపిసోడ్‌కీ కథ వేరుగా ఉంటుంది కాబట్టి వీటిలో చాలావాటికి మాంగా మడమ తొక్కే ఇబ్బంది పెద్దగా లేదు. బొమ్మల అమ్మకం కోసం నడిచే ప్రిక్యూర్ లాంటివి ఇప్పటికీ ఏడాదికి యాభైకి దగ్గరగా వస్తాయి. ఎక్కడ వారం వారం కనపడాల్సిన అవసరం మిగిలి ఉందో అక్కడ పాత పొడుగూ మిగిలి ఉంది.

ఇక మీరేం చేయాలి?

అన్నీ పూర్తయ్యాక చూద్దాం అనుకుంటే మీ అబ్బాయి పెళ్లికి గానీ కుదరదు. వాడితో కలిసి చూసే వయసు ఇదే, ఇంకో మూడేళ్లకు తలుపేసుకుని ఒక్కడే చూస్తాడు. సీజన్ మొత్తం అయ్యే దాకా మాత్రం ఆగండి. సీజన్లు మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరు చివర్లలో ముగుస్తాయి. ఏడాది పొడవునా చందా కట్టకుండా ఆ నెలల చివర్లో ఒక్కో నెలకి తీసుకుంటే, 12 ఎపిసోడ్లూ నాలుగు శనివారాల్లో అయిపోతాయి. మొదలుపెట్టే ముందు రెండు సంగతులు మీవాణ్ణి కనుక్కోమనండి: మాంగా ముగిసిందా, తర్వాతి సీజన్ ప్రకటించారా? రెండింటికీ లేదనే జవాబు వస్తే దాన్ని పక్కన పెట్టండి. మూడు నెలలు వేసి, మూడు నెలలు ఆపి, మళ్లీ వేసేవీ ఉంటాయి. అలాంటిదాన్ని అయిపోయిందనుకుని మధ్యలో వదిలేయకండి.

వన్ పీస్‌కి ముందు ఇద్దరూ ఒప్పుకునేది ఒకటి చెప్తాను. ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్: బ్రదర్‌హుడ్. 64 ఎపిసోడ్లు, 2009 ఏప్రిల్ నుంచి 2010 జులై దాకా ఆగకుండా నడిచింది. మాంగా చివరి అధ్యాయం 2010 జూన్‌లో వచ్చింది, యానిమే చివరి ఎపిసోడ్ ఆ మరుసటి నెలలో. రెండూ ఒకే స్టేషన్‌కి ఒకేసారి చేరిన రైళ్లలా ముగిశాయి. మీకు కావాల్సిన పొడుగు ఉంది, మీవాడికి కిట్టని సాగదీత లేదు.

వన్ పీస్ 1999 అక్టోబరు నుంచి నడుస్తోంది, 1100 ఎపిసోడ్లు దాటింది. పాత పద్ధతికి అదే ఆఖరి కోట. ఆ కోట కూడా దిగివచ్చింది. 2026 నుంచి ఏడాదికి ఎక్కువలో ఎక్కువ 26 ఎపిసోడ్లే వేస్తామని 2025 అక్టోబరులో ప్రకటించారు. అంటే అది మీ నుంచి ఇక అంత వేగంగా పారిపోదు, అందుకోవచ్చు. వెయ్యి అన్న అంకె చూసి జడుసుకోకండి. ఈస్ట్ బ్లూ అనే మొదటి పెద్ద భాగం 61 ఎపిసోడ్లు. అందులో 31 నుంచి 44 దాకా ఆర్లాంగ్ పార్క్ కథ వస్తుంది, నామీ అనే అమ్మాయిది. అక్కడి వరకు మీవాడి పక్కన కూర్చోండి. నామీ ఏడ్చినప్పుడు మీకేమీ అనిపించకపోతే రిమోట్ వాడికిచ్చేసి లేచిపోవచ్చు.